గోటితో

డెల్ రియో దిగువన, సూర్యుడింకా
మెస్కీట్ ముళ్లలో చిక్కుకునే ఉన్నప్పుడు
ట్రక్కు దిగుతాను.
చేతిలో మంచు డబ్బా, అందులో పన్నెండు గాజు గొట్టాలు,
ఒక్కో గొట్టంలో ముప్పై కందిరీగలు.
మీరు భయపడే పసుపు నడుములవి కావు,
నువ్వుగింజకు రెక్కలొచ్చినట్టుంటాయి.
కుట్టడానికి వాటికి తెలిసింది ఒక్కటే చోటు.

ఎదురుగా కిక్కిస.
ఇక్కడివాళ్లు కరీసో అంటారు.
వెనకాల ఏరుందని వినికిడే,
కనపడక పదేళ్లయింది.
గాలి వీస్తే
ఎవరో ఉత్తరాలు చింపుతున్న చప్పుడు.

ఫెర్మీన్ తాత మేకల్ని వదిలి వచ్చి నిలబడ్డాడు.
"తగలబెట్టాం, వారంలో మొలిచింది.
యంత్రంతో నరికాం, వరదొచ్చి ఆ ముక్కల్ని
దిగువ అందరికీ పంచిపెట్టింది.
మందు కొట్టాం, మేకలు చచ్చాయి గానీ ఇది చావలేదు.
ఇప్పుడు దోమలు తెచ్చావా పిల్లా?"

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని సామెత.
గొడ్డలికి లొంగనిదాని గురించి
సామెతలేవీ చెప్పవు.
మూత తీశాను.

వెంటనే ఎగరవు.
గాజు అంచున కూచుని మీసాలు తుడుచుకుంటాయి,
తెలియని ఊళ్లో బస్సు దిగినవాళ్లలా.
అన్నీ ఆడవే. మగాడి ఊసే లేకుండా
తల్లికి కూతురు, కూతురికి కూతురు.
కిక్కిసా అంతే, గింజ కట్టదు,
విరిగిన కణుపొకటి చాలు దాని వంశానికి.
రెంటిదీ స్పెయిన్ తీరమే.
అది ఎప్పుడో, ఇళ్లకప్పుల కోసం, ఓడలో.
ఇవి మొన్న మొన్న, విమానంలో, సీలు వేసిన పెట్టెలో.
వీటి అనుమతి కాగితానికి ఏళ్లు పట్టింది.
మా అత్త ఓర్టెన్సియా కాగితం
ఇంకా రాలేదు.

గస్తీ జీపు ఆగింది. డబ్బాలో ఏముందన్నాడు కుర్రాడు.
చెప్పాను.
"అవతలి గట్టు కనిపిస్తే చాలు నాకు."
తాతకి నీళ్లు కావాలి, ఇతనికి చూపు కావాలి.
నాకేం కావాలో ఎవరూ అడగలేదు,
అడిగితే జీతం అనేదాన్నేమో.

మా తమ్ముడు రొహేలియో పెళ్లిళ్లలో శాక్సఫోన్ వాయిస్తాడు.
వాయించే ముందు పలచటి చెక్కనొకదాన్ని
నాలుక మీద తడుపుకుంటాడు.
కిక్కిస చెక్కే అది.
"నా ఊపిరి దీని మీదుగానే పోవాలి.
నువ్వు చంపేది దీన్నేనా అక్కా?"
"అది ఎక్కడో తోటలో పెంచింది లేరా," అన్నాను.
"మొక్కకి తెలుసా ఆ తేడా?" అన్నాడు.
ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ విన్నాను,
పక్కగదిలో ఒకే స్వరం,
తెగకుండా, నీళ్ల చప్పుడు మీదుగా.

మూడో ఏడు మార్చికి
కాడలు పొట్టిబడ్డాయి. చిగుళ్ల దగ్గర ఉబ్బులు,
ఉబ్బుల మీద సూదిబెజ్జాలు, కూతుళ్లు బయటికొచ్చిన దారులు.
ఒక కాడకి నలభై ఒకటి లెక్కపెట్టాను.
బెజ్జాలున్నదల్లా వేణువు కాదు.
'చావలేదు, తగ్గింది'
రిపోర్టులో అంతే రాశాను.

తాత టోపీ తీసి సందులోంచి వంగి చూశాడు.
అరచేతి వెడల్పు నీళ్లు, మట్టిరంగువి.
ఆయన ఏదో అనబోయేలోపే
మేకొకటి దూరిపోయి మూతి పెట్టేసింది.

ఆ కాడ కోసి తమ్ముడికిచ్చాను.
చెక్క తీద్దామని చాకు పట్టాడు,
బెజ్జాలు చూసి ఆగాడు.
దీపానికి అడ్డుపెట్టి చాలాసేపు తిప్పి చూశాడు.
ఒక్క మాటా అనకుండా
శాక్సఫోన్ పెట్టెలో దాచుకున్నాడు.