ఊపిరి ఆపు

దేవరకొండ దవాఖానల రాత్రి డ్యూటీ.
సీసపు కోటు తొడుక్కొని
ఇరవై రెండేండ్లుగ నేననేది మూడే మాటలు:
గాలి పీల్చు. ఆపు. వదులు.

కంపౌండర్ జానీమియా బిడ్డ రుక్సానా
సెలవులకొచ్చి, ల్యాప్‌టాప్ తెచ్చుకొని
నా క్యాబిన్‌ల కూసున్నది, ఈడ కరెంటు పోదని.
"నాది గూడ మీ పనే, అంకుల్" అన్నది.
"నీ పేషెంటెవరు బిడ్డా?"
"ఇద్దరు. ఒకరు సచ్చిపోయి గూడ తాగుతనే ఉన్నరు."

తెర మీద చుక్కల్లేవు.
అంకెలు, గీతలు, జొన్నలు చల్లినట్టు మచ్చలు.
ఒక నక్షత్రం మండి, కూలి, ముద్దయిందట.
అడ్డం కొలిస్తే మల్లేపల్లికి పోయొచ్చినంత,
తూకమేస్తే సూర్యుడి కంటె బరువు.
పక్కనున్నదాని ఒంటి సెగను గుంజి గుంజి తాగుతదట.
తాగేది సుడి తిరిగి, రాసుకొని, కాగి
ఆఖరి గుక్కల ఎక్స్-రే అయితదట.

నాకు చింతపల్లి బాటల మా బోరు యాదికొచ్చింది.
పక్క చెల్కల ఎనిమిది వందల ఫీట్లు దింపిన ఏడు
మా మూడు వందలది దగ్గి దగ్గి మట్టి కక్కింది.
ఎవలనీ అనలే.
నీళ్లకు గెట్లు తెలువయి గద.

"మరి పైనుంచి ఇంత ఎక్స్-రే వస్తే మనకు తగలదా?"
"గాలి ఆపుతది అంకుల్, భూమి తొడుక్కున్న సీసపు కోటు.
అందుకే టెలిస్కోపును గాలి దాటించి పంపిన్రు.
అద్దాలు గూడ ఎదురుగ పెట్టరు,
చెర్వుల పెంకు విసిరినట్టు
వాలుగ, తగిలీ తగలకుండ."

రెండింటికి స్ట్రెచర్ చప్పుడు.
సైదమ్మ, మర్రిగూడ దిక్కుది, బాత్రూంల జారింది.
తుంటి విరిగింది సరే,
ఎముకలే సున్నమేసిన గోడ లెక్క తెల్లగున్నయి.
ముప్పై ఏండ్ల బోరునీళ్లు.
"ఎంత వెలుగు..." అనబోయి
రుక్సానా నా మొఖం చూసి ఆగింది.
మా దగ్గర తెలుపు మంచి కబురు కాదు.

ఆపరేషన్‌కు ముందు ఛాతీది గూడ కావాలె.
"గాలి పీల్చవ్వా. ఆపు."
మీట నొక్కిన.
"అంకుల్!"
తెర మీద గీత తాటిచెట్టంత లేచి నిలవడ్డది.
"ఎప్పటిదే ఇది?"
"ఉపగ్రహం చూసింది నిరుడు బతుకమ్మ నాడు.
జరిగింది ఏడు వేల ఏండ్ల కింద.
పదకొండు నిమిషాలు, అంతే, మళ్ల చీకటి."
ఆ పిల్ల రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నది.
నేను గూడ వొంగి చూస్తున్న,
ఎవలిదో తెల్వని దూరపు మంట,
గింజ గింజగ లెక్కవెట్టిన మంట.

అద్దం అవతలి నుంచి
సన్నగ, కష్టంగ, ఒక గొంతు:

"సారూ...
ఇగ ఇడువనా?"