పూచీ

నా బోరు మోటర్ల రాగితీగ
కోసుకపోయిండు ఈదయ్య.
కేసు పెట్టింది నేనే.

బెయిలైతే ఇచ్చిండ్రు. పూచీ వడెటందుకు
పాసుబుక్కున్నోడు ఒక్కడు రాలే.
ఏడు నెలలాయె నల్లగొండ జైల్ల.

ములాఖత్‌కు పోతే జాలీ అవతలికెల్లి
నవ్వబోయి దగ్గిండు.
పాయఖాన పక్కకే పండుడు,
ఒత్తిగిల్లాల్నంటే పక్కోణ్ణి లేపాల్నట.
"మోటరు బాగైందా, సాయిలన్నా?" అన్నడు.

కాలే.
చందంపేట సుట్టుముట్టు
వైండింగు తెలిసినోడు వాడొక్కడే.
వాని చేతులు లోపల,
నా మడి నెర్రెలిచ్చింది.

కోర్టుల జెప్పిన:
వాని ఏండ్లు నేనేం జేసుకోను సారూ,
ఆ చేతులియ్యుండ్రి.
పొద్దుగాల తీగ జుట్టి
మాపటికి ఠాణల సంతకం వెడ్తడు.

గుమస్తా కాయితం రెండుసార్లు సదివి
అద్దాలు తుడుసుకున్నడు.
ఫిర్యాది: బొల్లెద్దు సాయిలు.
పూచీ: బొల్లెద్దు సాయిలు.