కింద పెట్టడం

గ్రిమ్స్‌బీలో మంగళవారం సాయంత్రం
ఎంత కడిగినా చేపల వాసన పోని చేతులు
పది జతలు
చర్చి వెనక గదిలో బల్లల మీద వాలతాయి.

డొరీన్ టీచర్ బోర్డు మీద
ఒకే ఒక్క మాట రాస్తుంది: పుట్.
"ఒంటిగా ఉన్నంతసేపూ ఇది బుద్ధిమంతురాలే.
పక్కన ఎవరు చేరారో చూడండి,
అప్పుడు బయటపడుతుంది గుణం."

పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం, ఒళ్లు చేయడం కూడా.
పుట్ ఆఫ్ అంటే రేపు చూద్దాంలే.
పుట్ అవుట్, మంట ఆర్పడం.
పుట్ అప్ విత్ అని మొదలుపెట్టి
కాసేపు కిటికీలోంచి రేవు దీపాల వైపు చూసి
"మా ఆయనతో నలభై ఏళ్లు" అంటుంది.

లెతెబ్రహాన్ పకపకా నవ్వుతుంది.
అస్మారాలో లెక్కలు చెప్పిన మనిషి,
ఇక్కడ హాడాక్ ముళ్లు ఏరుతుంది.
"పక్కన చేరిన ఇంత ముక్క
మొత్తం విలువ మార్చేస్తోంది.
ఇది వ్యాకరణం కాదు టీచర్, సున్నా."

గింతౌతాస్ నవ్వడు, రాసుకుంటాడు.
యాభై తొమ్మిదేళ్లు.
అతని డైరీలో ఎడమ పేజీ ఇంగ్లిషుది,
కుడి పేజీ బొమ్మలది.
తన భాషలో అర్థం రాసుకుంటే
ఆ మాట అక్కడే ఇల్లు కట్టుకుంటుందట, బయటికి రాదట.
అందుకని పిల్లులూ కుక్కలూ కురిసే వానకి
ఒక చిల్లుల గొడుగు.
కెటిల్ నిండా వేరే రకం చేపలకి
కెటిలూ, చేపలూ.
"ఇది జాతీయం కాదు, మా ఫ్యాక్టరీ" అన్నాడు ఆ రోజు.
పుట్ డౌన్‌కి
ఒక చెయ్యి, ఒక సంచీ, నేల,
కిందికి ఒక బాణం.

ఫిబ్రవరిలో కుక్క తిండి మానేసింది.
రుదే. పద్నాలుగేళ్లది.
క్లైపెదా నుంచి ఓడలో అతనితోపాటు వచ్చిన
ఒకే ఒక్క ప్రాణం.

పశువుల డాక్టరు చిన్నపిల్ల.
కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
చాలా మెల్లగా, చాలా మర్యాదగా
ఆ రెండు ముక్కలూ అంది.

అతను చప్పున లేచాడు.
వచ్చిన మాట.
పోయిన వారమే పదికి పది తెచ్చుకున్న మాట.
స్టీలు బల్ల చల్లగా ఉంటుంది కదా పాపం
అనుకుని ఉంటాడు.
కడుపు కింద ఒక అరచెయ్యి ఆనించి
రెండు చేతులా ఎత్తి
కుక్కని నేల మీద పెట్టాడు.
పెట్టి, చెప్పినట్టే చేశానుగా అన్నట్టు
ఆ పిల్ల వైపు చూశాడు.

ఆమె ఏమీ అనలేదు.
తనూ వచ్చి నేల మీద కూర్చుంది.

మంగళవారం అతను రాలేదు.
ఆ పై మంగళవారం వచ్చి
డైరీ తెరిచి టీచర్ ముందు పెట్టాడు.
చెయ్యి అలాగే ఉంది, నేల అలాగే ఉంది.
సంచీ కొట్టేసి ఉంది.
"చంపడానికి మీకు వేరే మాట ఉంది కదా,
నాకు అది మొదటి నెలలోనే వచ్చు.
ఇదెందుకు?"

డొరీన్ సుద్దముక్క కింద పెట్టింది.
"అది వినేవాళ్ల కోసం కాదు నాయనా.
చెప్పేవాళ్ల కోసం."

బోర్డు మీద అప్పటికే గెట్ ఓవర్ అని రాసి ఉంది.
ఆమె దాన్నొకసారి చూసి
రెండో మాటని మోచేత్తో తుడిపేసి
బై అని రాసింది.
గెట్ బై.
అర్థం అడిగారెవరో.
"నెట్టుకురావడం" అంది.

లెతెబ్రహాన్ బిస్కెట్ల పళ్లెం
అతని వైపు జరిపింది.
కుడి పేజీలో ఏ బొమ్మ వెయ్యాలో తోచక
గింతౌతాస్
చాలాసేపు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడు.