ఉల్టా అక్షరం

ముప్పై రెండేండ్లు
దేవరకొండ బజార్ల సీదా రాసిన.
కిరాణం, కటింగ్ షాపు, ఎరువుల దుకాణం,
ఓట్లొస్తే గోడగోడకు గుర్తులు.
ఒక్క దీర్ఘం వంకర పోలె,
ఒక్క సున్న సొట్ట పడలె.

ఫ్లెక్సులొచ్చినంక బ్రష్షులు కట్టెలైనయి.
థిన్నర్ మాత్రం ఛాతీల ఉండిపోయింది.
"ఇగ దాని వాసన గూడ సూడొద్దు" అన్నడు
నల్లగొండ డాక్టరు,
నా ఎక్స్-రేను ట్యూబులైటుకు ఆనిచ్చి.

గా ఎక్స్-రేనే ఇప్పుడు నా పలక.

ఆదివారం బడి వరండాల నేర్పుతది
కేతావత్ లలిత, నా బిడ్డకంటె చిన్నది.
"రాగిరేకు వద్దు తాతా, యాసిడ్ అసలే వద్దు.
పారేసిన మామిడిరసం డబ్బా కోసి పరుసు,
లోపటి వెండితట్టు మీద గీకు.
నీ ఫిల్మయితే ఇంకా మేలు."

గొడుగుపుల్లను బండకు నూరి సూది చేసిన.
గీకితే గీత పొంటి సన్నటి నూగు లేస్తది,
సాలు పక్కన మట్టి లేసినట్టు.
"తుడవకు! సిరాను పట్టేది గదే."
బతుకంత గోడలు నున్నగ చేసినోన్ని,
గరుకును కాపాడుడు
ఇప్పుడు నేర్సుకుంటున్న.

సిరాది ఇంకో కథ.
దీపం మసిని ఆముదంల నూరిన,
మా దిక్కు ఆముదానికి కొదువా?
మూడు దినాలైనా ఆరలె.
మనుమరాలి గౌను, పక్కింటి మేక చెవి,
ముట్టినయన్ని నల్లగైనయి.
లలిత నవ్వి అవిసెనూనె సీసా చేతుల పెట్టింది.
గంజి పెట్టిన పాత దోతి ముక్కతోని
పైపైన తుడిస్తే
మసి గీతల్లకు దిగి దాసుకుంటది.
చేతులు కడుక్కోనీకి కిరసనాయిలు లేదు,
ఇంత మంచినూనె, ఇంత కుంకుడు నురుగు.
అరచేతులు ముక్కు కాడ పెట్టుకున్న:
వంటింటి వాసన.
దగ్గు రాలె.

ప్రెస్సేదీ అంటే
జహంగీర్ చెరుకురసం మిషిన్ల పెట్టిన మొదటిసారి.
బొమ్మ నిండ గాడులు, తీపి జిగురు.
"బొమ్మ సంగతి నాకు తెల్వది భాయ్,
రసం మాత్రం నల్లగొచ్చింది" అన్నడు.
ఇప్పుడు స్టీలు గరిటె వీపే నా ప్రెస్సు.
రాత్రంత తడి గోనెసంచిల పండిన
పెండ్లికార్డు తెల్ల వెనకే కాయిదం.

ఎక్స్-రేను కిటికీకి పడితే
పక్కటెముకలు నిచ్చెన మెట్లు.
వాటెంబడే గీకిన,
నేనెక్కిన వెదురు నిచ్చెన.
ఎముకలు కాయిదం మీదికి రావు,
డాక్టరు వేలు పెట్టిన మచ్చా రాదు.
గీకినంతే వస్తది.

కింద పేరు రాద్దామని కూసున్న,
వేరేటోల్ల పేర్లు రాసిన చెయ్యి.
'ముత్యాలు' అని సీదా రాస్తే
అచ్చుల తిరగబడ్డది.
లలిత వాళ్ల నాయనమ్మ రవికెది
ఊడిన అద్దం బిళ్ల తెచ్చి
"ఇండ్ల ఎట్ల కనబడితే అట్ల గీకు" అన్నది.
కొమ్ము ఎడమకు మల్లింది.
యాభై ఎనిమిదేండ్లకు
మళ్ల ఒకటో తరగతి.

మొదటి అచ్చు నల్లరేగడి లెక్క మెత్తగొచ్చింది.
నాలుగోది కొంచెం పలుచన.
తొమ్మిదోదానికి నూగంత అణిగి
నిచ్చెన మంచుల నిలబడ్డట్టుంది.
"చాలు తాతా, ఫిల్ము అలిసింది."
ఫ్లెక్సు లెక్క వేలకు వేలు రావు.
తొమ్మిదంటే తొమ్మిదే.

ఒకటి జహంగీర్‌కిచ్చిన,
పాడైన రసం బాకీకి.
బండికి అతికిచ్చుకున్నడు, తలకిందులు.
నిచ్చెనకు ఏం ఫరక్ పడలె.
పేరే, పాపం,
మళ్ల ఉల్టా.