వెంట్రుకవాసి

వారాసిగూడల మూడంతస్తుల మీద రేకుల గది.
లోపల పద్దెనిమిది మాడ్యులేటర్లు.
మే నెలల ఆ గదిలకు పోతే
చొక్కా ఇస్త్రీ చేసినట్టు వీపుకు అతుక్కునేది.
మల్లేపల్లి ఐటీఐ సర్టిఫికెట్ చూపిస్తే
సాదత్ భాయ్ దాన్ని మడిచి ఫ్యాన్ కింద పెట్టిండు,
ఫ్యాన్ ఊగకుండ.
చేతికి సన్న స్క్రూడ్రైవర్ ఇచ్చిండు.
"రెండే రెండు, బేటీ. మిగతాదంత డబ్బా.
ఎడమది ఎక్కడ నిలబడాల్నో చెప్తది.
కుడిది ఎంత గట్టిగ మాట్లాడాల్నో.
నిలబడే జాగ తెల్వకుంట నోరు తెరవొద్దు.
ముందు ఎడమది."

ఎడమ దిక్కు అయిదు అంకెల చక్రాలు.
గోటితో తిప్పితే టక్కు, టక్కు.
మా లోకల్ చానెల్ నూట డెబ్బై అయిదు పాయింట్ రెండు అయిదు.
పక్కింటి సీరియళ్ళది నూట ఎనభై రెండు పాయింట్ రెండు అయిదు.
నడుమ ఏడు.
ఆ ఏడులనే బొమ్మ కాపురం,
బొమ్మకు అయిదున్నర ఎగువన మాట కాపురం.
గోడల్లేని ఇండ్లు.
మొదటి వారం నేను పక్కింటి అంకె పెట్టేసిన.
కన్నీళ్ళు తుడుచుకుంటున్న కోడలి మొహం మీదికెళ్ళి
మా మూడు గంటల సినిమా గుర్రాలు
దౌడు తీసినయ్.
ఫోను పొద్దుగూకేదాక మోగింది.

కుడి దిక్కు స్క్రూకు అంకెల్లేవు.
మీటర్ తగిలిస్తే గని అది నిజం చెప్పదు.
నూట అయిదు.
అందరికీ నూట అయిదే,
మన సినిమాకైనా, ఢిల్లీ వార్తలకైనా.

ఆ ఏడు వానాకాలం
బడి వార్షికోత్సవం క్యాసెట్ తెచ్చి ఇచ్చిన్రు.
లైను ఆఖర్న, రైలు పట్టాల పక్క, బిచ్చమ్మ ఇల్లు.
మనవరాలు నెమలి వేషం కట్టిందట.
"బిడ్డా, నెమలి ఏడున్నది? ఇసుకే రాలుతున్నది" అన్నది ఫోన్ల.
ఒక కన్ను మసక. రెండోదానికి ఇసుక.
నాకు పాణం ఆగలేదు.
కుడి స్క్రూ గుంజి తిప్పిన.
నూట ఎనిమిది. నూట పది. ఇంకొంచెం.

మూడు వందల ఇండ్లల్ల
పదిహేడు చానెళ్ళ మీద చేపముల్లు గీతలు.
వార్తలు చదివేటాయన నుదుట,
క్రికెట్ పిచ్చి మీద, భజన చేసే స్వామి గడ్డంల.
బిచ్చమ్మ ఇంట్ల
ఇసుక కొంచెం పెద్దగ రాలింది, గంతే.

సాదత్ భాయ్ మెట్లెక్కి వచ్చి
నన్నేమీ అనలేదు.
స్క్రూ వెనక్కి తిప్పిండు, తిప్పిండు,
మీటర్ ముల్లు ఆగినంక
ఇంకో వెంట్రుకవాసి.
పక్కీసు, రెండు కనెక్టర్లు జేబుల వేసుకొని
గొడుగు నాకిచ్చి తాను తడుసుకుంట నడిచిండు.
బిచ్చమ్మ గోడ మీద, రేగుచెట్టు కొమ్మ సందుల,
కనెక్టర్ లోపల పచ్చటి చిలుము.
"చూడు," అన్నడు, "ఇక్కడ నోరు మూసుకపోతే
అక్కడ నువ్వు అరిచినవ్."
తీగ కొస గీకి, కొత్తది నొక్కిండు.
లోపల్నుంచి బిచ్చమ్మ చప్పట్లు.
నెమలి అప్పటికి ఆట ముగించి
హెడ్‌మాస్టర్ మాట్లాడుతున్నడు.
ఆమెకు ఆయనైనా సరిపోయిండు.

తర్వాత ఇంటింటికి డబ్బాలొచ్చినయ్.
పదిహేడు మాడ్యులేటర్లు ఎర్రగడ్డ ఆదివారం సంతల
కిలో లెక్కన పోయినయ్.
సాదత్ భాయ్ ఆ డబ్బులు లెక్కపెట్టలేదు,
జేబుల కుక్కుకొని ఖబుర్లు చెప్పుకుంట నడిచిండు,
నాలుగేండ్లకు ఆయనా పోయిండు.

పద్దెనిమిదోది నా దగ్గరున్నది.
నిన్న రాత్రి దుమ్ము ఊది, ప్లగ్ పెట్టి
పాత టీవీకి తగిలించిన.
తెర నిండ ఇసుక, హోరు.
గోటితో చక్రాలు: ఒకటి, ఏడు, అయిదు, రెండు, అయిదు.
పంపడానికి క్యాసెట్ లేదు, బొమ్మ లేదు.
కుడి స్క్రూ మెల్లగ తిప్పుకుంట పోయిన.

ఒక్క దగ్గర
ఇసుక ఆగింది.
ఖాళీ తెర. నల్లగ, నున్నగ,
అలికిన వాకిలి లెక్క.
ఎవరో అక్కడ నిలబడి
ఇంకా ఏమీ మాట్లాడలేదు.
నేను చెయ్యి తియ్యలేదు.