సన్యాసినాయుడు గారబ్బాయి

మూడుసార్లు గెలిచాడు, ఒకసారి ఓడాడు.
పోస్టర్లో మాత్రం ఎప్పుడూ
నాన్న భుజం పక్కన, పాస్‌పోర్టు సైజులో.

కంచరపాలెం మెట్టు మీద మైకు నాదే.
పెద్దాయన దగ్గినా చప్పట్లే.
ఈయన మైకు తట్టి, "వినబడుతోందా?" అని
నన్నడిగేవాడు.

జాలారిపేటకి కుళాయి వచ్చిన రోజు
ఉపన్యాసం మరిచిపోయి
మొదటి బిందె నిండేదాకా నిలబడ్డాడు,
చెప్పులు తడుస్తున్నా.

శిలాఫలకాన్ని ఉప్పుగాలి తినేసింది,
ముందు ఈయన పేరే. చిన్నక్షరాలు కదా.
నూకాలు మాత్రం
"జోగిబాబు కుళాయి కాడికెళ్తన్నా" అంటది
ఇప్పటికీ.

మొన్న కాంప్లెక్సులో, ఇరవై ఎనిమిదో నంబరు బస్సు కోసం
ఒక్కడూ నిలబడి ఉన్నాడు.
"ఏటి బాబూ, బాగున్నావా?"
"నీళ్లొస్తున్నాయా అక్కడ?"
"రోజు మార్చి రోజు."
వేళ్ల మీద లెక్కేసుకుని
"అయితే రేపు" అన్నాడు.