ముసురు గాలం

వాయుగుండం బందరు దగ్గర తీరం దాటుతుందని
రేడియో అనగానే
సైదులు బాబాయి సైకిల్ టైర్లు నొక్కి చూసుకుంటాడు.

ఆటోనగర్‌లో కరెంటు పోయింది, లేతు మిషను ఆగింది.
యూరియా సంచులు నెత్తిన గొప్పెలు,
కొబ్బరిచిప్పలో వానపాములు,
బ్యారేజీ దిగువన, సీతానగరం వైపు రాళ్ల మీద
ఇద్దరమే.

"ఈ వానలో ఏం పడతాయి బాబాయ్?"
"నీళ్లు ఎర్రబడితే జెల్లకి దారం కనపడదురా."
పోయినేడు ఇంకోటి చెప్పాడు:
ఉరిమితే చేపకి ఆకలి లేస్తుందని.
నేను రెండూ నమ్మలేదు.

ఎత్తిన గేట్లు లెక్కపెట్టాం. నాకు ముప్పై ఒకటి,
ఆయనకి ముప్పై మూడు.
తడిసిన బీడీ నాలుగో పుల్లకీ అంటుకోలేదు.
బెండు బుడుంగున మునిగింది.
లాగితే చెప్పు. ఎడమకాలిది.
కడిగాడు, కాలు పెట్టి సైజు చూశాడు, పక్కన పెట్టాడు,
మళ్లీ ఎర గుచ్చాడు.

చీకటి పడ్డాక,
నేను అడగడం మానేశాక, అన్నాడు:
"ఎండ కాస్తే గట్టున పోయే ప్రతివాడూ
ఏమన్నా పడ్డాయా అంటాడు.
వానలో ఎవడూ అడగడు."

ఆ తర్వాత చాలాసేపు
నది ఒక్కటే మాట్లాడింది, అదీ మాతో కాదు.

ఇంటి దగ్గర పిన్ని అడగనే అడిగింది.
చెప్పు గుమ్మంలో పెట్టి
"రెండోది రేపు" అన్నాడు,
తల తుడుచుకుంటూ.